ఏ గుర్రం వచ్చె

మా పక్క అంగడి పుల్లయ్యశెట్టి నోట "వచ్చె" అన్న మాట రాదు. కర్నూలు వన్‌టౌన్‌లో అంగడి పెట్టుకున్న మనిషికి ఆ మాట లేకుండా ఎట్లా గడుస్తుందని మీకు అనుమానం రావచ్చు. గడుస్తుంది, కష్టంగా. పోయిన కరెంటు తిరిగొస్తే "లైటు ఎలిగె" అంటాడు. పాలాయన గుమ్మంలో నిలబడితే "పాలాయప్ప ఈడుండాడు" అని లోపలికి కేకేస్తాడు. హైదరాబాదు నుంచి సరుకొస్తే "సరుకు దిగె" అంటాడు. వాన వస్తే మాత్రం ఏమీ అనడు. అంగడి ముందు చేతులు కట్టుకుని నిలబడి, తడుస్తున్న రోడ్డును చూస్తూ ఉంటాడు. బజారుకు కొత్తగా వచ్చిన కుర్ర వ్యాపారులు ఇది కనిపెట్టి, ఆయన చేత ఎట్లాగైనా ఆ మాట అనిపించాలని సరదా పడుతున్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మండి లాభం లేదు, వాళ్లకు సంగతి తెలియదు కదా. అందుకని మొత్తం ఒకసారి చెప్పేస్తున్నాను.

పుల్లయ్యది స్టీలు సామాన్ల అంగడి. బిందెలు, గిన్నెలు, క్యారియర్లు, పెళ్లికూతురి సామాను. దాన్ని ఆనుకుని నా కిరాణా. మధ్య గోడ ఎంత పలచనంటే, ఆయన అంగట్లో గ్లాసు కింద పడితే నా అంగట్లో నేను ఉలిక్కిపడతాను. అంగడి వెనకే వాళ్ల ఇల్లు. పుల్లయ్య, భార్య సుబ్బరత్నమ్మ, పుల్లయ్య అన్న పెద్దసుబ్బయ్య, ఈ ముగ్గురే ఉండేవాళ్లు. కూతురు అమూల్య బెంగళూరులో చదువుకుంటోంది. వ్యాపారంలో పుల్లయ్య ఏమంత ఘటికుడు కాదు. బేరమాడే ఆడవాళ్లు రెండు మాటలు గట్టిగా అంటే చాలు, తగ్గించేస్తాడు. తగ్గించాక లోపలున్న అన్న వైపు దొంగచూపు చూస్తాడు. యాభై ఏళ్లు దాటినా అన్నంటే భయం పోలేదు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే పెంచింది ఆ అన్నే.

పెద్దసుబ్బయ్య గురించి చెప్పాలంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అంత పిసినారిని మా బజారు చూడలేదు. బయట టీ తాగడు. బీడీ లేదు, వక్కాకు లేదు. పెళ్లైన కొన్నాళ్లకే భార్య పోతే మళ్లీ చేసుకోలేదు, ఖర్చని చేసుకోలేదని మేం చాటున అనుకునేవాళ్లం. అట్లాంటి మనిషి ఏడాదికొక్క రోజు, గాంధీ జయంతి నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు దిద్దుకుని, తొలి బస్సెక్కి హైదరాబాదు పోయేవాడు. ఎక్కడికంటే మలక్‌పేటకు, గుర్రప్పందాలకు. ఆ రోజు అక్కడ డెర్బీ అని పెద్ద పందెం జరుగుతుంది. వయసులో ఉన్నప్పుడు బేగంబజారు షావుకారు ఒకాయన, గాంధీ జయంతికి మార్కెట్టు మూసేస్తారు కాబట్టి ఊరికే కూర్చోవడమెందుకని వెంట తీసుకుపోయాడట. అప్పటి నుంచి పట్టుకుంది. తాగుడు లేదు, పేకాట లేదు. ఏడాదికి ఒక్క పందెం, ఒక్క గుర్రం, ఒక్క టికెట్టు. మహాత్ముడి పుట్టినరోజున జూదమాడేవాడు మా బజారులో ఈయనొక్కడే.

గెలిచాడా అంటే, ఒక్క ఏడూ గెలవలేదు. మర్నాడు పొద్దున అంగడి తలుపులు తీస్తుంటే బజారంతా వంతులవారీగా అడిగేవాళ్లం.

"ఏ గుర్రం వచ్చె, పెద్దన్నా?"

"మంది కానిది వచ్చె," అనేవాడు. అంటే మనది కాని గుర్రం గెలిచిందని. మొహంలో బాధ ఉండేది కాదు. ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ జవాబు వినకపోతే మాకు అక్టోబరు మొదలైనట్టు ఉండేది కాదు.

ఒక ఏడు అట్లాగే నేను అడిగాను. ఆయన తాళం తీస్తూ వంగినవాడు నా వైపు తిరిగి "మంది కానిది" అన్నాడు. ఆ తర్వాతి మాటకు మూతి పక్కకు పోయింది. నేను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. చూస్తుండగానే మెట్ల మీద కూలబడ్డాడు. పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచి పంపించారు. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఆ రోజు మెట్ల మీద పూర్తికాకుండా ఆగిన మాటే మిగిలింది. "వచ్చె."

ఆకలేసినా "వచ్చె". మూత్రానికి పోవాలన్నా "వచ్చె". ఎవరు పలకరించినా "వచ్చె". గొంతులో ఎత్తుపల్లాలు కూడా పోయాయి. అడిగినా చెప్పినా ఒకటే రాగం. తేడా తెలియాలంటే మొహం చూడాలి. అడిగేటప్పుడు ఎడమ కనుబొమ పైకెత్తేవాడు. చెప్పేటప్పుడు ఎత్తేవాడు కాదు. పుల్లయ్యా సుబ్బరత్నమ్మా ఆ కనుబొమ పట్టుకునే ఆయనతో సంసారం మొత్తం మాట్లాడేవాళ్లు. నాకూ కొంచెం తెలిసేది. పప్పు బాగుందా అని అడిగితే, బాగుందని ఆయన చెప్పేదీ, నీకు పెట్టిందా అని నన్ను తిరిగి అడిగేదీ ఆ కనుబొమలోనే.

మరుసటి ఏడు నుంచి అన్నకు బదులు పుల్లయ్య మలక్‌పేటకు పోవడం మొదలుపెట్టాడు. "మా యన్న మొక్కుప్పా ఇది, నేను తీరుస్తాండా," అనేవాడు. ముందు రోజు సాయంత్రం పేపరు తెచ్చి మంచం పక్కన కూర్చుని, పందెంలో పరిగెత్తే గుర్రాల నెంబర్లు ఒక్కొక్కటే చదివేవాడు. ఏదో ఒక నెంబరు దగ్గర పెద్దసుబ్బయ్య "వచ్చె" అనేవాడు. కనుబొమ కదలకుండా, గెలిచినట్టు తీర్పు చెప్పేసేవాడు. పుల్లయ్య ఆ గుర్రానికే టికెట్టు కొనేవాడు. పందెం మొదలయ్యాక సెల్‌ఫోన్లో అన్నకు అంతా వినిపించేవాడు. ఇంట్లో సుబ్బరత్నమ్మ ఫోను బావ చెవి దగ్గర పెట్టి కూర్చునేది. గుర్రం మాత్రం ఎప్పటిలాగే వచ్చేది కాదు.

రెండు వేల తొమ్మిదిలో నేను కూడా వెంట పోయాను. నా భార్యా పిల్లలూ దసరా సెలవులకు పత్తికొండలో వాళ్ల అమ్మగారింట్లో ఉన్నారు. అంగడి ఎట్లాగూ మూతే. పెళ్లి ఊరేగింపుల్లో తప్ప గుర్రాన్ని చూసిన పాపాన పోలేదు, ఒకసారి చూద్దామనిపించింది. ముందు రోజు పేపరు చదివినప్పుడు కూడా నేనక్కడే ఉన్నాను. పుల్లయ్య "ఆరు" అనగానే పెద్దసుబ్బయ్య "వచ్చె" అన్నాడు. కనుబొమ కదల్లేదు.

ఆ ఏడు సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శ్రావణంలో కూడా వాన లేదు. ఆలూరు, పత్తికొండ దిక్కున వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయింది. అంతకు ముందు పుష్కరాలొచ్చినప్పుడు తుంగభద్రలో మునగడానికి నీళ్లు లేక, మోకాటి లోతులో కూర్చుని చెంబులతో పోసుకున్నాం. మా ఊరి రెండో నది హంద్రి సంగతి సరేసరి. దాన్ని నది అని పిల్లలకు నమ్మించడానికే మాకు తలప్రాణం తోకకొచ్చేది. అట్లాంటిది సెప్టెంబరు చివర వానలు పట్టుకున్నాయి. ఎడతెరిపి లేకుండా కురుస్తున్నా ఒక్కరూ విసుక్కోలేదు. గొడుగు వేసుకునేవాణ్ని చూసి నవ్వుకున్నాం కూడా.

గాంధీ జయంతి తెల్లవారుజామున మా బస్సు తుంగభద్ర బ్రిడ్జి ఎక్కేసరికి నది ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రగా, నిండుగా ఉంది. బస్సులో జనమంతా ఒక పక్కకు లేచి నిలబడ్డారు. డ్రైవరు తనంతట తానే బస్సు మెల్లగా పోనిచ్చాడు. ఆడవాళ్లు కిటికీల్లోంచి చిల్లర విసిరారు. పుల్లయ్య రెండు చేతులూ ఎత్తి మొక్కి, "మా యన్న సూసింటే ఎంత సంబరపడునో," అన్నాడు.

మలక్‌పేటలో అంత జనం ఉంటారని నేననుకోలేదు. చేతిలో పేపరు మడతలు, చెవుల్లో పెన్నులు, నోట్లో లెక్కలు. మేం పోయి గుర్రాలను నడిపించే చోట కంచె దగ్గర నిలబడ్డాం. పుల్లయ్యకు గుర్రాల గురించి ఏమీ తెలియదు. అన్న చెప్పిన ఒక్క సూత్రమే తెలుసు, ఎగిరే గుర్రం వద్దు, తల దించుకుని నడిచేదాన్ని చూడమని. ఆరో నెంబరు గుర్రం నేలను వాసన చూసుకుంటూ, బడికి పోతున్న పిల్లోడిలా నడుస్తోంది.

"సూడు ధనుంజయా," అని నా చెయ్యి పట్టుకున్నాడు. "మంచంలో పండుకోని మా యన్న ఈడిదాకా సూసినాడు."

కిటికీ దగ్గర టికెట్టు కొని, దాన్ని నాలుగుసార్లు చూసుకుని, లోపలి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది. సుబ్బరత్నమ్మ. చుట్టూ గోల కావడంతో స్పీకరు పెట్టాడు, నాకూ అంతా వినబడింది.

"ఏమయ్యా, ఏరు వచ్చిందంట! మెట్లన్నీ మునిగినాయంట. వీధి వీధంతా సూడను పోతాండారు."

పుల్లయ్య మొహం చూడాలి మీరు. ఎండిపోయిన ఊరి మనిషికి ఆ కబురుకు మించింది లేదు. మా వైపు ఏరు వచ్చినా, చెరువు నిండినా ఇంటి ఆడవాళ్లు పోయి పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, రవికె గుడ్డ వదిలి మొక్కి రావాలి. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు బొట్టు పెట్టినట్టే అది. ఆ పద్ధతి మరచిపోయేంత కాలమైంది ఏరు సరిగ్గా రాక.

"అయితే నువ్వు ఈడ నాతో మాట్లాడతాండావేందే? పసుపు కుంకుమ తీసుకోని పో. టెంకాయ కొట్టి రా," అన్నాడు.

"బావ ఒక్కడే అయితాడు గదా."

"ఎంతసేపు? పోయి రాను గడియ పట్టదు. ఫోను బావ ఎద మీద పెట్టిపో. పచ్చ బటను ఆయన ఎడమ చేత్తో నొక్కతాడులే. రేసు నేను ఇనిపిస్తా."

"తలుపో?"

"బయట గొళ్లెం పెట్టు. లేకుంటే కుక్కలు దూరతాయి."

ఆమె సరేనంది. సంబరంగా అంది. ఈ నాలుగు మాటల్లో తప్పేముందో మీరే చెప్పండి. ఆయన స్థానంలో ఉంటే నేనూ అక్షరం పొల్లుపోకుండా అవే చెప్పేవాణ్ని. మా ఊళ్లో ఎవరైనా అవే చెప్పేవాళ్లు.

గుర్రాలు పందేనికి వరసలో చేరే ముందు పుల్లయ్య అన్నకు ఫోను చేశాడు. కాసేపు మోగి, ఎత్తారు.

"అన్నా, నేనన్నా. ఇనపడతాండాదా?"

"వచ్చె," అన్నాడు పెద్దసుబ్బయ్య.

"ఇంకా రాలేదన్నా, ఇప్పుడు నిలబెడతాండారు. నీ ఆరు శానా బాగుండాది. తల దించుకోనుండాది."

"వచ్చె. వచ్చె."

"తొందరపడొద్దన్నా," అని పుల్లయ్య నవ్వాడు. నా వైపు తిరిగి, "సిన్నపిల్లోడి మాదిరి ఒకటే అడగతాండాడు," అన్నాడు.

ఫోన్లోంచి గలగలమని గిన్నెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపించింది. "ఏందన్నా ఆ చప్పుడు?" అన్నాను నేను. "మీ వొదిన సామాను సర్దుతాంటాది," అన్నాడు. ఆమె ఏటికి పోయిందని, ఆ రోజు అంగడి మూసి ఉందని, ఆ మాట అన్న ఆయనకూ విన్న నాకూ ఇద్దరికీ తెలుసు. తెలిసినా మా బుర్రల్లో అది వెలగలేదు. గుర్రాలు బయలుదేరాయి.

నేనా పందెం చూశానని చెప్పలేను. పుల్లయ్యనే చూశాను. మునివేళ్ల మీద లేస్తూ, ఫోను నోటికి ఆనించుకుని అరుస్తున్నాడు. "ఎనకాల ఉండాదన్నా... ఆరు ఎనకాల ఉండాది... మలుపు తిరిగినాయి... అన్నా, మనది జరగతాండాది, పక్కకు వచ్చి జరగతాండాది..." అటు నుంచి ఆగకుండా అదే మాట. "వచ్చె. వచ్చె. వచ్చె." జనం గోలలో ఒకసారి వినబడి, ఒకసారి వినబడక. చివరన తల దించుకున్న ఆ గుర్రం తల ఎత్తింది. రెండింటిని దాటింది. ఇంకొకదాన్ని దాటింది. గీత దగ్గర దాని ముందు ఏదీ లేదు.

"అన్నా! వచ్చె అన్నా! మంది వచ్చె!"

"వచ్చె," అన్నాడు పెద్దసుబ్బయ్య. గొంతు గరగరలాడింది. ఆ వెంటనే ఫోను ఆగిపోయింది.

పుల్లయ్య నన్ను కౌగలించుకుని ఏడ్చాడు. "మా యన్న ఏడుస్తాండాడప్పా, సంతోషం పట్టలేక ఏడుస్తాండాడు," అన్నాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఛార్జింగు అయిపోయి ఉంటుందనుకున్నాం. టికెట్టు ఇచ్చి డబ్బు తీసుకుందాం పదన్నా అంటే వినలేదు. "ఇన్నేండ్లకు గెలిచిన టికెట్టు. ముందు మా యన్న సేతిలో పెట్టల్ల. దుడ్లు తరవాత," అన్నాడు. అన్నకు మెత్తగా ఉంటుందని బాదుషా పొట్లం కట్టించాడు. నాకు టీ ఇప్పిస్తానని స్టేషను దగ్గరున్న ఇరానీ హోటలుకు తీసుకుపోయాడు. నాకు కూడా సంతోషంగానే ఉంది. మర్నాడు బజారు మొత్తాన్ని నిలబెట్టి, ఏ గుర్రం వచ్చెనో అడగమని నేనే చెబుదామనుకుంటున్నాను.

హోటల్లో గోడ మీద టీవీ ఉంది. బురద నీళ్లు, మిద్దెల మీద జనం, కొట్టుకుపోతున్న ఆటో. ఏ బీహారో అస్సామో అనుకుని నేను సాసరులో టీ పోసుకున్నాను. అంతలో నీళ్ల మధ్యన నిలబడిన బురుజు ఒకటి చూపించారు.

"మన కొండారెడ్డి బురుజు మాదిరే ఉండాదే," అన్నాను.

పుల్లయ్య తలెత్తి చూశాడు. కింద కర్నూలు అని అక్షరాలు పోతున్నాయి. తుంగభద్రకు తోడు హంద్రి కూడా పొంగి పాతూరు మీద పడిందని చెబుతున్నారు. ఆయన లేవలేదు. అరవలేదు. జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టి, దాన్ని చూస్తూ, ఎవరితోనో నెమ్మదిగా చెబుతున్నట్టు అన్నాడు.

"వచ్చె."

ఆ మాట ఆయన నోటి నుంచి నేను విన్నది అదే ఆఖరు.

ఆ తర్వాత మేం చేసిందంతా తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గూ కోపమూ రెండూ వస్తాయి, ఎవరి మీదో తెలియదు. బస్టాండులో కర్నూలు బస్సు లేదన్నారు. జడ్చర్ల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి లారీ. దారి పొడుగునా పుల్లయ్య అన్న ఫోనుకు చేస్తూనే ఉన్నాడు. నా ఫోనులో ఉన్న బజారు వాళ్లందరికీ నేను చేశాను. ఒక్కటీ మోగలేదు. అలంపూర్ చౌరస్తా దాటాక రోడ్డే లేదు, నీళ్లున్నాయి. అక్కడ ఆపేశారు. వందల మంది, అందరూ మాలాంటివాళ్లే. ఊరు ఎదురుగా ఉంది, పోవడానికి దారి లేదు. పోలీసులను బతిమాలాం. పడవ వాళ్లను బతిమాలాం. ఊళ్లో జనం మొత్తం పోయారని ఒకడన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదని ఇంకొకడన్నాడు. ఇద్దరినీ నమ్మాం. తిండి పెట్టేవాళ్లు పెడితే తిన్నాం, కూర్చోమంటే కూర్చున్నాం. మగవాళ్లమై ఉండి మేం చేసిన పని అంతే.

పుల్లయ్య మాత్రం పోయి పోయి నీళ్ల అంచున నిలబడేవాడు. మడమలు మునిగేదాకా పోయి ఆగేవాడు. ఒకసారి పట్టుకురావడానికి వెనకాల పోతే, నీళ్లతో మాట్లాడుతున్నాడు.

"పసుపు కుంకుమ పంపిస్తి గదమ్మా," అంటున్నాడు. "నీకే పంపిస్తి గదమ్మా."

చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకొచ్చాను.

నీళ్లు తీశాక ఊళ్లోకి పోయాం. మా వీధి మోకాటి దాకా బురద. నా అంగట్లో బియ్యమూ పప్పూ కలిసి కుళ్లిన వాసన వీధి మొదటికే కొడుతోంది. నేను అటు చూడలేదు. పుల్లయ్య ఇంటి ముందు, బురదలో, గడప పక్కన సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది. తలుపుకు బయట గొళ్లెం అట్లాగే ఉంది.

నలుగురు చెప్పగా తర్వాత తెలిసింది. ఆమె తుంగభద్ర మెట్ల దగ్గర టెంకాయ కొడుతుండగా, వెనక నుంచి హంద్రి నీళ్లు వీధుల్లో పడ్డాయి. తిరిగొచ్చేసరికి సందు మొదట్లోనే నడుము లోతు. దిగబోతే జనం జుట్టు పట్టుకుని లాగి ఒక మిద్దె మీదికి ఎక్కించారు. ఆ మిద్దె మీద నుంచి తన ఇంటి తలుపు కనబడుతూనే ఉంది, అది పూర్తిగా మునిగేదాకా. నీళ్లు తీశాక తలుపు తీయబోయిన వాళ్లను ఆమె తీయనివ్వలేదట.

పుల్లయ్యను చూసి ఆమె ఏడవలేదు. "గొళ్లెం నేను పెట్టినా," అంది. "నా సేతులతో తీయలేను. నువ్వు తియ్యి."

ఆయన తీశాడు. స్టీలు గిన్నెలు, బిందెలు, క్యారియర్లు అంగడి లోంచి ఇంట్లోకి కొట్టుకొచ్చి గుమ్మం దాకా పోగుపడ్డాయి. వాటిని ఒక్కొక్కటే తీసి నా చేతికిస్తూ లోపలికి పోయాడు. పెద్దసుబ్బయ్య మంచానికీ గోడకూ మధ్య ఉన్నాడు. ఎడమ చేతి పిడికిట్లో ఫోను ఉంది.

ఆరిన కట్టెలు ఊళ్లో ఎక్కడా లేవు. దొరికిన కాడికి కిరోసిన్ పోసి కానిచ్చాం. చితికెక్కించే ముందు పుల్లయ్య అన్న చేతిలోంచి ఫోను తీసేసి, జేబులో చీకిపోయిన ఆ టికెట్టు ఆ పిడికిట్లో పెట్టి వేళ్లు మూశాడు. అదేం కాగితమని పురోహితుడు అడిగితే నేను కసురుకున్నాను.

సుబ్బరత్నమ్మ దాని గురించి మళ్లీ ఎత్తలేదు. ఆయన పొమ్మన్నాడు, ఆమె పోయింది. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. అనుకుంటే బాగుండునని, గట్టిగా తిట్టుకుంటే బాగుండునని గోడకివతల కూర్చుని నాకనిపిస్తుంది. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా నా చేతిలో త్రాసు ఆగుతుంది.

అంగడి మళ్లీ తెరిచినప్పటి నుంచి పుల్లయ్య బేరాలు లేని మధ్యాహ్నాలు వచ్చి నా మెట్ల మీద కూర్చుంటాడు. ఏదో మాట్లాడతాడు, కూతురి చదువు, స్టీలు ధర. అంతా అయ్యాక లేవబోతూ అడుగుతాడు. ఎప్పుడూ అదే.

"ధనుంజయా, ఆ పొద్దు నువ్వూ ఇన్న్యావు గదప్పా. మా యన్న అడిగినాడా, చెప్పినాడా?"

నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. గిన్నెల చప్పుడు ఇద్దరం విన్నాం. నీళ్లు వచ్చాయని ఆ మనిషి తనకు మిగిలిన ఒకే ఒక్క మాటతో మొత్తుకున్నాడు. మేం గుర్రం గురించి అనుకున్నాం. తెలుసుకుని ఉంటే మాత్రం అంత దూరం నుంచి ఏం చేసేవాళ్లమని ఆయనకు ఒకసారి చెప్పి చూశాను. "వీధిలో ఎవరికన్నా ఫోను చేసుందును గదా," అన్నాడు. ఇప్పుడిక వాదించను.

"అడిగినాడన్నా," అంటాను. "గుర్రం వచ్చెనా అని అడిగినాడు. వచ్చిందని నువ్వు చెప్పితివి. ఇనే పోయినాడు."

ఆయన నా మొహంలోకి చూస్తాడు.

"కనుబొమ ఎత్తింటాడంటావా?"

"ఎత్తింటాడన్నా."

సరేనన్నట్టు తలూపి, పంచె దులుపుకుని, తన అంగట్లోకి పోతాడు. రెండు మూడు రోజులు గడుస్తాయి. మళ్లీ వచ్చి అడుగుతాడు.